మణికట్టు మీది ఇ.సి.జి. గుండెపోటును పసిగట్టగలదా?

తెలుగువారి పలుకుబడిలో గుండెకు ఉన్నంత పని మరే అవయవానికీ లేదు. భయపడితే గుండె ఝల్లుమంటుంది. దుఃఖం ముంచుకొస్తే గుండె చెరువవుతుంది. ధైర్యవంతుడిది గుండె నిబ్బరం, పిరికివాడికి గుండె జారిపోతుంది. ఇన్ని మాటలున్న మన భాషలో గుండెకు వచ్చే ఆపదలకు మాత్రం సాధారణంగా ఒకే ఒక్క మాట వాడుతున్నాము: గుండెపోటు. గుండె లయ తప్పినా గుండెపోటే, గుండె కండరానికి రక్తం అందకపోయినా గుండెపోటే, గుండె హఠాత్తుగా ఆగిపోయినా గుండెపోటే. నిజానికి ఇవి మూడు వేర్వేరు విపత్తులు. ఒకప్పుడు వీటిని ఒకే గాటన కట్టినా పెద్ద నష్టం ఉండేది కాదు. ఏది వచ్చినా మనిషిని ఆసుపత్రికి చేర్చడమే చేయగలిగిన పని. ఇప్పుడు పరిస్థితి మారింది. మణికట్టు మీదనే ఇ.సి.జి. తీసే గడియారాలు వచ్చాయి. ఆ గడియారం ఈ మూడింటిలో దేనిని చూస్తున్నదో తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉన్నది.

ఒకనాడు స్వదేశానికి వెళ్లే ప్రవాసాంధ్రుల పెట్టెల్లో బాదంపప్పులూ, అత్తరు సీసాలూ, చాక్లెట్లూ ఉండేవి. ఈనాడు వాటి పక్కన అమ్మానాన్నల కోసం కొన్న స్మార్ట్ వాచీ కూడా ఉంటున్నది. "రాత్రివేళ నాన్నగారికి ఏదైనా అయితే వాచీ చెబుతుంది కదా" అన్న భరోసా ఆ కానుకలో దాగి ఉన్నది. కానుక మంచిదే, భరోసాతోనే చిక్కు. సామాన్యంగా దొరికే ఈ గడియారాలు గుండెపోటును పసిగట్టలేవు. ఎందుకు పసిగట్టలేవో, అవి నిజంగా చేయగలిగినదేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యవృత్తిలో లేను. రసాయన శాస్త్ర పరిశోధన నా వృత్తి. అయితే గుండెలో పుట్టే విద్యుత్తుకు మూలం రసాయన శాస్త్రమే గనుక, ఆ దారిన వెళ్తే విషయం సులువుగా బోధపడుతుంది.

మోటారు చప్పుడు, చివరి మడి

ముందుగా మూడు విపత్తులను విడివిడిగా చూద్దాము.

గుండె పిడికిలంత కండరం. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నాలుగు గదుల నిండా రక్తమున్నా, ఆ రక్తాన్ని గుండె కండరం నేరుగా వాడుకోలేదు. దానికి కావలసిన రక్తం గుండె పైభాగాన అల్లుకొని ఉన్న కరోనరీ ధమనుల ద్వారానే రావాలి. ఈ ధమనుల గోడలలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. ఆ ధమని మీద ఆధారపడిన కండర భాగం ప్రాణవాయువు అందక చావడం మొదలవుతుంది. అసలైన గుండెపోటు ఇదే.

రెండవది లయ తప్పడం. గుండెను కొట్టుకోమని ఆజ్ఞాపించే విద్యుత్ సంకేతం కుడి కర్ణికలోని ఒక చిన్న కణజాలపు ముద్దలో పుడుతుంది. ఆ సంకేతం దారి తప్పినా, వేరే చోట్ల నుంచి అక్కరలేని సంకేతాలు పుట్టినా గుండె అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంది. మూడవది గుండె ఆగిపోవడం. జఠరికలు సంకోచించడం మాని వణకడం మొదలుపెడతాయి. రక్తప్రసరణ నిలిచిపోతుంది. మనిషి క్షణాలలో స్పృహ కోల్పోతాడు.

కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చినవారికి ఒక పోలిక చెబుతాను. పొలంలో మోటారు తడబడకుండా నడుస్తున్నది. దాని చప్పుడు ఇంటి అరుగు మీదికి వినిపిస్తున్నది. కాని చివరి మడికి వెళ్లే బోదెలో పూడిక పడింది. అక్కడ పైరు ఎండిపోతున్నది. మోటారు చప్పుడు ఎంతసేపు విన్నా ఈ సంగతి తెలియదు. లయ అంటే మోటారు చప్పుడు. గుండెపోటు అంటే బోదెలో పూడిక. పెద్ద గుండెపోటు మధ్యలో ఉన్న మనిషి గుండె కూడా, మొదటి గంటలలో, చక్కని లయతో నిమిషానికి 80 సార్లు కొట్టుకుంటూ ఉండవచ్చు.

అయితే ఈ రెంటికీ బొత్తిగా సంబంధం లేదని అనుకోకూడదు. రక్తం అందని కండరంలో విద్యుత్తు అస్థిరమై, ఒక్కసారిగా జఠరికలు వణకడం ఆరంభించవచ్చు. గుండెపోటు వచ్చినవారిలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే మరణించడానికి ఇదే కారణమని ఉత్తర ఐర్లండు వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ గ్రహించాడు. 1960ల మధ్యలో బెల్ఫాస్ట్ నగరంలో కారు బ్యాటరీలతో పనిచేసే సుమారు 70 కిలోల డీఫిబ్రిలేటరును అంబులెన్సులో పెట్టి రోగుల ఇళ్లకే పంపించాడు. గుండెపోటు రోగి లయను కనిపెట్టి ఉండటం వైద్యంలో అంత ముఖ్యమైంది ఇందుకే. అక్కడ రోగికి గుండెపోటు వచ్చిందని ముందే తెలుసు. దాని వల్ల రాబోయే ఉపద్రవాన్ని లయలో చూస్తున్నారు. లయను చూసి గుండెపోటును కనుగొనడం అందుకు భిన్నమైన పని.

గుండెలో విద్యుత్తు ఎక్కడిది?

మన శరీరంలోని ప్రతి కణమూ ఉప్పునీటి సంచి వంటిది. గుండె కణం లోపల పొటాషియం అయానులు ఎక్కువ, బయట సోడియం అయానులు ఎక్కువ. ఈ వ్యత్యాసాన్ని నిలబెట్టడానికి కణపు పొరలో ఒక ప్రోటీను పంపు అహర్నిశలూ పనిచేస్తుంది. ప్రతి విడతలోనూ మూడు సోడియం అయానులను బయటకు తోసి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. ఇందుకు కావలసిన ఇంధనం ఏ.టి.పి. అనే అణువు. దీని ఫలితంగా, విశ్రాంతిలో ఉన్న జఠరిక కణం లోపలి భాగం బయటితో పోలిస్తే సుమారు 90 మిల్లీవోల్టుల ఋణావేశంతో ఉంటుంది. సంకేతం రాగానే సోడియం లోపలికి దూకుతుంది, వెనుక కాల్షియం వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. తరువాత పొటాషియం బయటికి పోయి కణం యథాస్థితికి వస్తుంది. కోట్లాది కణాలలో వరుసగా సాగే ఈ మార్పు ఒక కెరటంలా గుండెను దాటుతుంది. శరీరం ఉప్పునీటితో నిండినది గనుక ఆ కెరటపు ఛాయ చర్మం దాకా వస్తుంది. చర్మం మీద దాని పరిమాణం సుమారు ఒక మిల్లీవోల్టు. మనం టార్చిలైటులో వేసే బ్యాటరీ శక్తిలో దాదాపు 1500వ వంతు అన్నమాట. ఇ.సి.జి. కాగితం మీద గీత గీసేది ఆ ఛాయే.

ఇప్పుడు ధమని మూసుకుపోయిందనుకోండి. ప్రాణవాయువు లేక ఏ.టి.పి. తయారీ మందగిస్తుంది. కణాలలో ఆమ్లం పేరుకుంటుంది. పొటాషియం బయటికి కారిపోతుంది. దెబ్బతిన్న కణాలకూ, పక్కనున్న ఆరోగ్యమైన కణాలకూ మధ్య విద్యుత్ పీడనంలో తేడా ఏర్పడి, వాటి నడుమ ఒక అదనపు ప్రవాహం మొదలవుతుంది. ఇ.సి.జి.లో 'ఎస్' అనే లోయకూ 'టి' అనే గుట్టకూ మధ్య ఉండే సమతలపు గీత ఈ ప్రవాహం వల్ల పైకి లేస్తుంది లేదా కిందికి కుంగుతుంది. న్యూయార్క్ వైద్యుడు హెరాల్డ్ పార్డీ 1920లో ఈ గుర్తును వర్ణించాడు. వైద్యులు ముఖ్యంగా వెతికేది ఒక మిల్లీవోల్టులో పదోవంతు, అనగా కాగితం మీద ఒక్క మిల్లీమీటరు, అంతకు మించిన ఎత్తు. లయ అనేది గీతల మధ్య దూరానికి సంబంధించినది. గుండెపోటు ఆనవాలు గీత ఆకారంలో ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే మిగిలినదంతా తేలికే.

లేడెన్ నుంచి మణికట్టు దాకా

మానవ హృదయపు విద్యుత్తును 1887లో మొదటిసారి నమోదు చేసినవాడు లండన్‌లో పనిచేసిన అగస్టస్ వాలర్. దానిని వైద్యానికి పనికివచ్చే పరికరంగా మలచినవాడు హాలండు దేశంలోని లేడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్లెమ్ ఐంథోవెన్. గీతలోని ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టినది ఆయనే. ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏళ్లలో ఆయన నిర్మించిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. దానిని నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి చేతులనూ కాలినీ ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చునేవాడు. ఈ కృషికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

ఐంథోవెన్ ఒక సులువైన లెక్క నేర్పాడు. ఎడమచేతికీ కుడిచేతికీ మధ్య తేడా ఒకటవ లీడు. ఎడమకాలికీ కుడిచేతికీ మధ్య తేడా రెండవ లీడు. ఎడమకాలికీ ఎడమచేతికీ మధ్య తేడా మూడవ లీడు. మొదటిదీ మూడవదీ కలిపితే రెండవది వస్తుంది. తరువాతి దశాబ్దాలలో ఛాతీ మీది ఆరు స్థానాలూ, మరి మూడు లెక్కగట్టిన కోణాలూ చేరి, 1940ల నాటికి నేటి 12 లీడుల ఇ.సి.జి. రూపుదిద్దుకున్నది.

మనిషితో పాటు తిరిగే ఇ.సి.జి.కి ఆద్యుడు అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్. ఆయన కూడా వైద్యుడు కాడు. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాడు. 1940ల చివర ఆయన తయారుచేసిన తొలి పరికరం వీపున మోయవలసిన 38 కిలోల రేడియో మూట. ట్రాన్సిస్టర్ల పుణ్యమా అని అది క్రమేపీ జేబులోకి దిగింది. ఈనాటికీ 24 గంటల పాటు ఛాతీకి తగిలించుకునే పరికరాన్ని ఆయన పేరిట హోల్టర్ మానిటర్ అంటున్నాము. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే లయభంగాన్ని పట్టుకోవడమే దాని ముఖ్య ప్రయోజనం.

అటు తరువాత 2012లో అలైవ్‌కోర్ అనే సంస్థ చేసిన, సెల్‌ఫోన్‌కు జోడించే పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. అనుమతి లభించింది. 2018లో ఆపిల్ వాచీ కూడా ఆ అనుమతి పొందింది. ఐంథోవెన్ 270 కిలోల యంత్రం చేసిన పనిలో కొంత భాగం మణికట్టు మీదికి వచ్చింది. "కొంత భాగం" అన్న మాట ఇక్కడ ముఖ్యం.

గడియారం చూసేది ఏమిటి?

గడియారం గుండెను రెండు విధాలుగా గమనిస్తుంది. మొదటిది వెలుతురుతో. వాచీ అడుగున మెరిసే ఆకుపచ్చ దీపాలను మీరు చూసే ఉంటారు. రక్తంలోని హీమోగ్లోబిను ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి గడియారం నాడి వేగాన్ని చెబుతుంది. మన ఆయుర్వేద వైద్యులు మూడు వేళ్లతో చూసిన నాడినే ఇది కాంతితో చూస్తున్నది. రెండవది విద్యుత్తుతో. వాచీ అడుగుభాగం ఎడమ మణికట్టును తాకుతూ ఉంటుంది. కుడిచేతి వేలిని వాచీ పక్కనున్న మీట మీద 30 సెకన్లు ఆనిస్తే, ఎడమచేతికీ కుడిచేతికీ మధ్య తేడా నమోదవుతుంది. అది ఐంథోవెన్ ఒకటవ లీడే.

ఈ రెండు పద్ధతులూ లయను చూడటానికి చక్కగా సరిపోతాయి. ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయభంగంలో కర్ణికలు సంకోచించక గిజగిజలాడుతూ ఉంటాయి. అక్కడ నిలవ ఉన్న రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ లయభంగం ఉన్నవారికి పక్షవాతపు ముప్పు దాదాపు 5 రెట్లు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. కనుక గడియారం దానిని కనిపెట్టి డాక్టరు దగ్గరకు పంపించడం గొప్ప ఉపకారమే.

ఇక్కడ కూడా హద్దులున్నాయి. 2019లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఆపిల్ వాచీ ధరించిన 4,19,297 మంది పాల్గొన్నారు. నాడి క్రమం తప్పిందన్న హెచ్చరిక అందుకున్నవారు 2,161 మంది, అనగా 0.52 శాతం. వారిలో ఇ.సి.జి. పట్టీని కొన్నాళ్లు అంటించుకొని తిరిగి పంపిన 450 మందిలో ఈ లయభంగం కనిపించినది 34 శాతం మందికి. మిగిలినవారికి జబ్బు లేదని దీని అర్థం కాదు. ఈ లయభంగం వచ్చి పోతూ ఉంటుంది. కాబట్టి హెచ్చరిక వస్తే గుండెలు బాదుకోనక్కరలేదు, కొట్టిపారేయనూ కూడదు. గీతను దాచి డాక్టరుకు చూపించాలి.

చూడలేనిది ఏమిటి?

గుండెపోటు విషయంలో గడియారం ఓడిపోవడానికి మూడు కారణాలు.

మొదటిది కోణం. వీధి గుమ్మం ముందు నిలబడినవాడికి పెరటి గోడకు పడిన బీట కనబడదు. ఇల్లంతా చుట్టి రావాలి. 12 లీడుల ఇ.సి.జి. గుండె చుట్టూ తిరిగి చూడటం వంటిది. గుండె అడుగుభాగంలో వచ్చే పోటు ప్రధానంగా కాలికి సంబంధించిన లీడులలో కనిపిస్తుంది. ముందుభాగంలో వచ్చేది ఛాతీ మీది లీడులలో కనిపిస్తుంది. రెండు చేతుల మధ్య తేడాను మాత్రమే చూసే గడియారానికి ఈ రెండూ సరిగా కనబడవు.

రెండవది సంకేతపు నాణ్యత. ఆసుపత్రిలో అంటించే ఎలక్ట్రోడులు వెండి, సిల్వర్ క్లోరైడులతో చేసినవి. కింద క్లోరైడు అయానులున్న జిగురు ఉంటుంది. శరీరంలో ఆవేశాన్ని మోసేవి అయానులు, తీగలో మోసేవి ఎలక్ట్రానులు. ఈ రెంటి మధ్య మారకం ఒడుదుడుకులు లేకుండా జరగడానికి ఆ రసాయన జంట ఉపకరిస్తుంది. పొడి వేలు లోహాన్ని తాకినప్పుడు ఆ స్థిరత్వం ఉండదు, గీత మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగిసలాటను తొలగించడానికి లయ కోసమే చేసిన పరికరాలు సామాన్యంగా నెమ్మదైన సంకేతాలను వడగట్టివేస్తాయి. గుండెపోటు ఆనవాలైన ఆ సమతలపు గీత మార్పు కూడా నెమ్మదైన సంకేతమే. వడపోతలో అదీ వక్రీకరణ చెందవచ్చు.

మూడవది అన్నింటికంటె ముఖ్యం. అనేక గుండెపోట్లలో 12 లీడుల ఇ.సి.జి.లో కూడా ఆ గీత పైకి లేవదు. ధమని పూర్తిగా మూసుకోక, కొంత దారి మిగిలి ఉన్నప్పుడు తరచు ఇలా జరుగుతుంది. అప్పుడు రక్తాన్ని సాక్ష్యం అడగాలి. గుండె కండరంలో ట్రోపోనిన్ అనే ప్రోటీను ఉంటుంది. కణాలు చచ్చినప్పుడు అది రక్తంలోకి కారుతుంది. దానికి అతుక్కునే ప్రతిరక్షకాల సాయంతో, లీటరు రక్తద్రవంలో కొద్ది నానోగ్రాములున్నా కనిపెట్టే పరీక్షలు నేడు ఉన్నాయి. అయితే అది కారడానికి కొంత వ్యవధి కావాలి. కనుకనే అత్యవసర విభాగంలో కొన్ని గంటల ఎడంతో మళ్లీ రక్తం తీస్తారు. "మొదటి పరీక్ష బాగుంది గదా, ఇంటికి పోదాం" అని తొందరపడకూడదు.

ఈ కారణాల వల్లనే తన గడియారం గుండెపోటును ఎన్నడూ పరీక్షించదని ఆపిల్ సంస్థే స్పష్టంగా రాసి పెట్టింది. అయినా ఆపద వేళ మనకు కనిపించేది తెర మీది "సైనస్ రిథమ్" అన్న రెండు మాటలే. దాని అర్థం "లయ మామూలు చోటనే పుడుతున్నది" అని మాత్రమే. "గుండె క్షేమం" అని కాదు.

గుండెపోటును కనిపెట్టే పరికరాలు రావా?

ఆ దిశగా ప్రయత్నాలు సాగుతున్నాయి. 2018లో ఎఫ్.డి.ఎ. ఏంజెల్‌మెడ్ గార్డియన్ అనే పరికరాన్ని ఆమోదించింది. పేస్‌మేకరు మాదిరిగా చర్మం కింద అమర్చే ఈ పరికరం తీగ కొస కుడి జఠరికలో ఉంటుంది. అది ఆ మనిషి నిన్నటి గీతతో నేటి గీతను పోల్చి చూస్తుంది. సమతలపు గీత కదిలితే ఛాతీలో ప్రకంపిస్తుంది, బయటి పరికరం మోగుతుంది. చర్మపు అడ్డు లేదు, కోణం మారదు, పోలిక తనతోనే. శాస్త్రపరంగా ఇది సరైన దారి. అయినా 907 మందిపై జరిగిన దాని ప్రయోగపరీక్షలో ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం గణాంకపరంగా నెరవేరలేదు. హెచ్చరికల వల్ల రోగులు త్వరగా ఆసుపత్రికి చేరుతున్నారన్న ఇతర ఆధారాలను కూడా పరిశీలించి, ఇదివరకే గుండెపోటు వంటి ప్రమాదానికి గురై ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే అనుమతి ఇచ్చారు. గుండె లోపల తీగ పెట్టినా ఈ పని ఎంత కష్టమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

2020లో ఇటలీ వైద్యులు గడియారాన్ని మణికట్టు నుంచి తీసి, ఒంటి మీద వేర్వేరు చోట్ల ఆనించి పలు లీడులు తీసి, ఆసుపత్రి ఇ.సి.జి.తో పోల్చి చూశారు. ఫలితాలు ఆశాజనకమే. కాని అది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని. అర్ధరాత్రి నొప్పితో మెలికలు తిరిగే మనిషి చేసుకోగలిగినది కాదు. 2024లో సులువుగా 12 లీడుల గీతను ఇచ్చే చిన్న పరికరానికి అనుమతి వచ్చింది, అదీ వైద్య సిబ్బంది వాడకానికే. మణికట్టు మీద పరారుణ కాంతిని ప్రసరింపజేసి ట్రోపోనిన్ పెరుగుదలను అంచనా వేసే పరికరాన్ని భారతదేశంలోని ఐదు ఆసుపత్రులలో 200 మందికి పైగా రోగులపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. నా వంటి రసాయన శాస్త్రజ్ఞులకు ఇది ఆసక్తి కలిగించే మార్గం. కాని ఇవన్నీ రేపటి ఆశలు. ఈ రాత్రి మన ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఏం చేయాలన్నదే నేటి ప్రశ్న.

మన ఇళ్లలోని ఆలస్యాలు

ఈ ప్రశ్న మనకు మరింత దగ్గరిది. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53వ ఏట వస్తున్నది. ఇతరులలో ఆ సగటు దాదాపు 59. మనకు ఆరేళ్లు ముందే వస్తున్నదన్నమాట.

ధమని మూసుకున్న అరగంట ప్రాంతం నుంచే కండరం శాశ్వతంగా దెబ్బతినడం మొదలై, గంటల తరబడి లోపలి నుంచి బయటికి వ్యాపిస్తుంది. ఆసుపత్రికి చేరిన 90 నిమిషాలలో బెలూనుతో ధమనిని తెరవాలన్నది వైద్యుల లక్ష్యం. ఆ సౌకర్యం రెండు గంటలలో అందని చోట గడ్డను కరిగించే ఇంజెక్షను ఇస్తారు. ఆసుపత్రిలోని నిమిషాలను వైద్యులు లెక్కపెడుతున్నారు. ఇంట్లో పోయే గంటలను లెక్కపెట్టేది మనమే.

మన ఇళ్లలో ఆ గంటలు పోయే దారులు మూడు. మొదటిది "గ్యాసు" అన్న మాట. ఛాతీలో మంట అంటే వాము నమలడం, సోడా తాగడం, జీలకర్ర కషాయం కాచడం. ఇవి తప్పు కాదు, కాని వాటి ఫలితం కోసం కాచుకొని కూర్చోవడం ప్రమాదం. రెండవది సంకోచం. అమెరికాకు సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులు పిల్లలకు ఖర్చవుతుందని నొప్పిని దాచుకుంటారు. ఇక్కడ 1986 నుంచి ఒక చట్టం ఉన్నది. మెడికేర్‌లో పాల్గొనే ఏ ఆసుపత్రి అత్యవసర విభాగమైనా, డబ్బు, బీమా, పౌరసత్వంతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, ప్రమాద స్థితి నుంచి గట్టెక్కించవలసిందే. బిల్లు తరువాత రాకమానదు. అది తరువాత తేల్చుకోవలసిన సంగతి. ఈ మాట అమ్మానాన్నలు విమానం దిగిన వారంలోనే వారికి చెప్పి ఉంచాలి.

మూడవ ఆలస్యం కొత్తది, గడియారం తెచ్చిపెట్టినది. ఇంటి నుంచి ఫోను వస్తుంది. "వాచీలో ఏం చూపిస్తోంది నాన్నగారూ?" అని మనం అడుగుతాము. "అంతా మామూలేనట" అని సమాధానం. ఇరుపక్కలా నిశ్చింతగా పడుకుంటారు. దయచేసి ఆ ప్రశ్న అడగవద్దు. అడగవలసినవి ఇవి: "నొప్పి ఎక్కడ? ఛాతీ మీద బరువు పెట్టినట్టుందా? చేతికి, దవడకు, వీపుకు పాకుతోందా? చెమటలు పడుతున్నాయా? ఆయాసం వస్తోందా?" స్త్రీలలోనూ, మధుమేహం ఉన్నవారిలోనూ, వృద్ధులలోనూ నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం, వాంతి వచ్చినట్టుండటం మాత్రమే కనిపించవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి.

ఫ్రిజ్ మీద అంటించుకోదగిన నాలుగు మాటలు

ఒకటి: ఈ లక్షణాలు కొన్ని నిమిషాలలో తగ్గకపోతే, గడియారం ఏం చెప్పినా సరే, అమెరికాలో 911కు, బ్రిటన్‌లో 999కు, తెలుగు రాష్ట్రాలలో 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన ఈ 108 సేవ నంబరును ఇంట్లో పనిచేసేవారికి కూడా నేర్పాలి. రోగి స్వయంగా కారు నడపకూడదు. అంబులెన్సులో డీఫిబ్రిలేటరు ఉంటుంది, దారిలోనే ఇ.సి.జి. తీసి ఆసుపత్రిని సిద్ధం చేసే ఏర్పాటు చాలాచోట్ల ఉన్నది.

రెండు: ఫోనులో మాట్లాడే సిబ్బంది చెబితే ఆస్పిరిన్ మాత్రను నమిలి మింగాలి. అది పడనివారు, రక్తస్రావపు జబ్బులున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మూడు: మనిషి స్పృహ తప్పి, సరిగా ఊపిరి తీయకపోతే గుండె ఆగినట్లు భావించి, వెంటనే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. మన సంఘాల వార్షికోత్సవాలలో ఒక గంట ఈ శిక్షణకు కేటాయిస్తే అంతకు మించిన కార్యక్రమం ఉండబోదు.

నాలుగు: స్వగ్రామానికి అందుబాటులో ఇరవై నాలుగు గంటలూ యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కొని, పేరూ ఫోను నంబరూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఆ పక్కనే వారు వాడే మందుల జాబితా ఉంచండి.

అమ్మానాన్నలకు గడియారం కొనవద్దని నేననడం లేదు. నిరభ్యంతరంగా కొనండి. లయ తప్పితే అది చెబుతుంది, పక్షవాతం నుంచి కాపాడవచ్చు. కానుక చేతికి ఇచ్చేటప్పుడు ఒక్క మాట మాత్రం కలిపి ఇవ్వండి: "ఇది నాడి చూస్తుంది గాని నొప్పి చూడదు. నొప్పి వస్తే దీనిని చూడకండి, 108కి ఫోను చేయండి."